నాలుగో గడి

మా ఇంట్లో తోట అంటే సమాధుల తోట. వేరే తోట మాకు లేదు.

చాంద్రాయణగుట్ట రోడ్డు మీంచి లోపలికి తిరిగితే ఆటోల గ్యారేజీ వెనకాల ఒక ఇనుప గేటు, గేటు పక్కన రెండు గదులు ఉంటాయి. మా బాపు ఆ తోటకు కావలి. గుంతలు తవ్వేదీ పూడ్చేదీ సున్నం వేసేదీ ఆయనే. నేను ఆ గదుల్లోనే పుట్టాను. బడిలో ఎవరైనా మీ ఇల్లెక్కడ అని అడిగితే "తోటలో" అనేదాన్ని. అందులో అబద్ధం లేదు. మా సంఘంలో చిన్నాపెద్దా అందరూ అనే మాటే అది. విన్నవాళ్లు జామచెట్లను ఊహించుకుంటే ఆ తప్పు నాది కాదనుకునేదాన్ని.

తర్వాత తెలుగు పండితురాలిగా ఉద్యోగం వచ్చింది. రైల్వేలో పనిచేసే ప్రేమ్‌రాజ్‌తో పెళ్లయి యాకుత్‌పురాకు వచ్చేశాను. బాపు పోయాక మా తమ్ముడు వెస్లీ ఆ గదుల్లోకి, ఆ పనిలోకి దిగాడు. మా బడి స్టాఫ్‌రూమ్‌లో ఆ గేటు సంగతి ఎవరికీ తెలియదు. అడిగితే చెప్పేదాన్నేమో. అడిగే వీలు నేనెవరికీ ఇవ్వలేదు.

అందుకే పోయిన ఏడాది తొలకరి ముందు, మా రూప అన్నం తింటూ "అమ్మా, ప్రాజెక్టుకు తోటను తీసుకుంటున్న" అన్నప్పుడు నేను తెలియనట్టు అడిగాను.

"ఏం తోట?"

"ఏం తోట ఏందమ్మా? మామ తోట."

రూప యూనివర్సిటీలో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది. ఒక జాగాను ఎంచుకుని, వానకాలం మొదలైనప్పటి నుంచి అక్కడ ఏ మొక్క ఎప్పుడు మొలిచింది, ఏది నిలిచింది, ఏది పోయింది అని చూసి రాయాలట. విత్తనం ఎవరూ చల్లకూడదు. మొలిచినదాన్ని ఎవరూ పీకకూడదు.

"పట్నంల ముట్టని మట్టి ఏడ దొరుకుతదమ్మా? తోటల నవంబర్ సమాధుల పండుగకు తప్ప ఎవ్వరు గడ్డి ముట్టరు. మా మేడమ్‌కు గసువంటి జాగనే కావాలె."

"మీ అమ్మ పుట్టిన జాగ మీద ఎమ్మెస్సీ," అని ప్రేమ్‌రాజ్ నవ్వాడు. "గడ్డి చదువు అంటే ఏందో అనుకున్న. మంచిగనే ఉంది."

"కాయితాలల్ల ఏమని రాస్తవ్?" అని అడిగాను.

"గ్రేవ్‌యార్డ్ అని."

"అట్ల రాయకు. తోట అని రాయి. మనం అనేదే గద."

ప్రేమ్‌రాజ్ నా వైపు చూశాడు. మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. రూప భుజాలెగరేసింది. "సరే. మొక్కలకైతే ఏ పేరైనా ఒకటే," అంది.

*

మొదటి వాన పడ్డాక ఆదివారం ఆరాధన అయి తోటకు వెళ్లాం. రూపతోపాటు ఉమ్మే హానీ వచ్చింది. ఇద్దరూ ఒకే క్లాసు, ఉండేది ఒకే బస్తీ. హానీ తన ప్రాజెక్టుకు జల్‌పల్లిలో ఇళ్లు కట్టని ప్లాట్లు తీసుకుంది. చివరికి ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకరి జాగా మనుషులు తొక్కేది, ఇంకొకరిది తొక్కనిది. ఒకరి లెక్క లేకపోతే ఇంకొకరి లెక్కకు అర్థం లేదు.

ప్రేమ్‌రాజ్ ఇంట్లోంచి పొడుగాటి మేకులు, సుత్తె తెచ్చాడు. మీటరు పొడుగు, మీటరు వెడల్పు కొలిచి నాలుగు మూలలా మేకులు కొట్టి పురికొస కట్టాలి. అదే ఒక గడి. సమాధుల మధ్య ఖాళీల్లో అలాంటివి పది. రూప కొలుస్తుంటే ఆయన కొట్టుకుంటూ వెళ్లాడు. నాలుగో గడి గోడ మూలన, సీతాఫలం చెట్టు పక్కన. అక్కడ ఒక మేకు రాయికి తగిలి వంగింది. తీసి సాపు చేసి మళ్లీ కొట్టాడు. అది కొంచెం వంకరగానే నిలబడింది.

"బావా, నా కొలువు పోయేటట్టుంది," అన్నాడు వెస్లీ, పలుగు మీద చేతులు పెట్టుకుని. "నాకన్న మంచిగ కొడుతున్నవ్."

"నీ కొలువు నాకొద్దు. నీ తాన పనిచేయించుకున్నోడు ఎన్నడన్న మంచిగున్నదని చెప్పిండా?"

హానీ పడీపడీ నవ్వింది. "రూపకేంది అంకుల్, ఈడ అందరు చెప్పినట్టు వింటరు, కదలరు, మెదలరు. నా గడీలల్లనైతె రోజొక బర్రె పండుకుంటది. హటో అంటె నన్నే చూస్తది."

"మీ అమ్మీకి తెలుసా, నువ్వు ఈడికొచ్చినవని?" అని అడిగాను.

"తోటకు పోతున్న అని చెప్పిన, ఆంటీ."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

ఆ వానకాలమంతా ప్రతి ఆదివారం రూప అక్కడే. మోకాళ్ల మీద కూర్చుని గడి లోపలున్న ప్రతి మొక్కనూ లెక్కపెట్టేది. గునుగు, తుమ్మి, ఉత్తరేణి, పిప్పింటి, గడ్డిచామంతి. పేరు తెలియనిదాన్ని ఫోటో తీసేది. ఇంటికొచ్చి గోళ్లలోని మట్టితోనే వాళ్ల నాన్నకు చెప్పేది, ఏ గడిలో ఏమొచ్చిందో. ఆయనకు ఒక్క పేరూ గుర్తుండేది కాదు. "నా నాలుగో నంబర్ ఎట్లుంది?" అని మాత్రం అడిగేవాడు. వంకర మేకు ఉన్న గడి ఆయనదని ఇంట్లో అనుకోవడం అలవాటైంది.

బడిలో బయాలజీ చెప్పే మహేశ్వరి మేడమ్‌కు మా రూప చదువంటే ఎంతో ఇష్టం. ప్రాజెక్టు తోటలో అని తెలిసి అడిగింది.

"ఏ తోట మేడమ్? చాంద్రాయణగుట్ట దిక్కు తోట ఏడుంది?"

"లోపలికి ఉంటుందండీ. మా తమ్ముడు చూసుకుంటాడు."

"పండ్లదా, పూలదా?"

"పూలే ఎక్కువ."

"ఒకసారి మన పిల్లలను తోలుకపోదాం మేడమ్. పుస్తకంల బొమ్మలు చూసి చూసి యాష్టకొచ్చిండ్రు."

"చూద్దాం," అన్నాను. నేను చెప్పిన వాటిలో ఏ ఒక్క మాటనూ ఎవరూ అబద్ధమనలేరు. పిల్లలకు వ్యాకరణం చెప్పే మనిషిని. ఒక మాటను ఎంతవరకు వంచవచ్చో నాకు తెలుసు.

*

సెప్టెంబర్ మొదట్లో ప్రేమ్‌రాజ్ డ్యూటీలో ఉండగా స్టేషన్‌లోనే పడిపోయాడు. ఆసుపత్రికి నేను వెళ్లేసరికే అయిపోయింది. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

మర్నాడు పొద్దున వెస్లీ ఇంటికి వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, తోటల జాగ లేదు. పాతయి జరిపితె తప్ప లేదు. గోడ మూలకొక్కటే ఉంది." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "రూప గడి ఉన్న కాడ."

"సరే," అన్నాను. గోడకానుకుని కూర్చున్న రూప విన్నదో లేదో నేను చూడలేదు.

సాయంత్రం మట్టి వేయడం అయ్యాక, జనం గేటు వైపు నడుస్తుంటే వెస్లీ రూప దగ్గరికి వచ్చి తన తువ్వాలలోంచి నాలుగు మేకులు తీసి ఇచ్చాడు. తవ్వేముందు ఊడబెరికి, తుడిచి ఉంచాడు. రూప వాటిని తీసుకుని బ్యాగులో వేసుకుంది.

నేను మళ్లీ బడికి వెళ్లే నాటికి బతుకమ్మ దగ్గర పడింది. మహేశ్వరి మేడమ్ నా డబ్బాలో నేను తినకుండా వదిలేసినదాన్ని చూస్తూ, ఎంతో మొహమాటంగా అడిగింది.

"మీకు ఇబ్బంది లేకుంటెనే మేడమ్. మీ తోటల గునుగు మస్తుందని ఓసారి అన్నరు. బజార్ల కట్ట చూస్తె ఇంతె ఉంటుంది. మీ తమ్ముడు ఎవరితోనన్న పంపిస్తె..."

తోటలో గునుగు నిజంగానే మస్తుగా ఉంది. సమాధుల మధ్య మోకాళ్లెత్తున తెల్లగా, గులాబీగా నిలబడి ఉంది. సమాధుల మీది పువ్వును తీసుకెళ్లి ఆమె బతుకమ్మలో పెట్టించలేను. ఎందుకు పెట్టించలేనో చెప్పలేను. మర్నాడు శాలిబండ దగ్గర రోడ్డు పక్కన రెండు కట్టలు కొన్నాను. ఇంటికొచ్చి అమ్మినామె కట్టిన అరటినార విప్పి, మా ఇంట్లోని దారంతో వదులుగా మళ్లీ కట్టాను, ఎవరో చేతికందినట్టు కోసి కట్టినట్టు. భర్త పోయి నెల కాలేదు. ఆ పనికి నా చేతులు ఎంత చక్కగా వంగాయో.

"అబ్బ, తోట పువ్వు తోట పువ్వే మేడమ్," అంది మహేశ్వరి.

*

దసరా సెలవులయ్యాక యూనివర్సిటీలో సెమినార్. ఎవరి పని వాళ్లు తెర మీద చూపించి చెప్పాలి. రూప నన్ను రమ్మనలేదు. హానీయే ఫోన్ చేసింది. "రాండి ఆంటీ. అంకుల్ ఉంటె వస్తుండె గదా," అంది. మహేశ్వరి మేడమ్ కూడా సగం రోజు సెలవు పెట్టి నాతో వచ్చింది.

ముందు హానీ మాట్లాడింది. బర్రె సంగతి చెప్పి అందరినీ నవ్వించింది. తర్వాత రూప లేచింది. తెల్ల చుడీదార్ వేసుకుంది. మాట తడబడకుండా చెప్పింది. తెర మీద పది గీతలు. ఒక్కో గీత ఒక్కో గడి. ఎడమ నుంచి కుడికి వారాలు, కింది నుంచి పైకి మొక్కలు. జూన్‌లో నేల మీద పాకి, జులైలో లేచి, ఆగస్టులో చిక్కబడ్డాయి గీతలు. నాకు ఇంగ్లిషు అంకెలు చదవడానికి కళ్లద్దాలు కావాలి. కానీ ప్రతి గీత చివరా దాని నంబరు పెద్దగా వేసి ఉంది.

నాలుగో గీత ఆకుపచ్చ రంగులో ఉంది. అది సెప్టెంబర్‌లోకి వెళ్లింది. ఆగలేదు. మిగతావాటికంటే పైకి వెళ్లింది. అక్టోబర్‌లో ఇంకా పైకి.

"నాలుగో గడి చాలా బాగుంది రూపా," అన్నారు లక్ష్మీకాంతమ్మ మేడమ్. రూపకు ప్రాజెక్టు చూసే ప్రొఫెసర్ ఆమే. "అన్నీ తగ్గుతున్నప్పుడు అది పెరిగింది. ఎందుకనుకుంటున్నావు?"

"గోడ నీడ, మేడమ్," అంది రూప. "తేమ ఎక్కువ సేపు నిలుస్తుంది."

"గుడ్. ఇది, హానీది కలిపి జనవరి కాన్ఫరెన్స్‌కు పంపిద్దాం. ఒకసారి ఆ తోటకు క్లాసునంతా తీసుకుపోదాం."

నా పక్కన మహేశ్వరి చప్పట్లు కొడుతూ వంగి నా చెవిలో, "ఎంత మంచిగ చెప్పింది మేడమ్ మీ బిడ్డ," అంది. నేనూ చప్పట్లు కొట్టాను. హానీ తల దించుకుని చున్నీ అంచును వేలికి చుట్టుకుంటోంది. రూప నా వైపు చూడలేదు.

*

తిరుగు ప్రయాణం ఎంఎంటీఎస్ రైల్లో. మహేశ్వరి ముందే దిగిపోయింది. పెట్టెలో జనం పలచబడ్డాక అన్నాను.

"నాలుగో గడి."

రూప కిటికీలోంచి చూస్తూనే ఉంది. అబద్ధమాడిన పిల్లలు ముందు ఎదురు తిరుగుతారు. అది నాకు అలవాటే. రూప తిరగలేదు.

"గడి పోతే కారణం రాయాలమ్మా. ఊకె ఖాళీ పెట్టనియ్యరు."

"రాయాల్సింది."

"దానికి పేర్లుంటయి. పశువులు మేస్తె ఒకటి, కాలపెడితె ఒకటి, తవ్వితె ఒకటి. అన్నిటికి కలిపి డిస్టర్బెన్స్ అంటరు." కిటికీ చువ్వ పట్టుకుంది. "డాడీని డిస్టర్బెన్స్ అని రాయాల్నా?"

నేను ఒళ్లోని బ్యాగు జిప్పు మూశాను.

"రాసినా, ఎవరు తవ్విండ్రు, ఎందుకు తవ్విండ్రు అని మేడమ్ అడుగుతది. తోటల ఎందుకు తవ్వుతరంటె ఏం చెప్పాలె? తోట అని రాయమన్నది నువ్వే గద."

ఆ మాట నిందలా అనలేదు. పాఠం ఒప్పజెప్పినట్టు అంది. అలా అన్నందుకే నేను తల ఎత్తలేకపోయాను.

"మరి ఆ లెక్కలు?"

"సున్న పెడదామనే కూసున్న. చెయ్యి రాలె. గునుగు అని రాసి పక్కకు ఒక నంబర్ వేసిన. వేస్తె మంచిగనిపించింది. ఆడ ఇంక మొలుస్తున్నట్టే ఉండె." ముక్కు తుడుచుకుంది. "మల్ల వారం ఇంకో రెండు పెంచిన."

"హానీకి తెలుసా?"

"తెలుసు. చెప్పకు అని ఒట్టు వేయించుకున్న. పాపం, దాని లెక్కలల్ల అబద్ధం లేదు. నా పక్కకు పెట్టినంక అవి గూడ ఖరాబే గద."

యాకుత్‌పురాలో దిగాం. ప్లాట్‌ఫారం మీద ప్రేమ్‌రాజ్‌తో పనిచేసిన కృష్ణయ్య మమ్మల్ని చూసి నమస్తే పెట్టి, "మంచిగున్నరా వదినా?" అన్నాడు. మంచిగున్నామని చెప్పాను.

ఇంటికొచ్చాక డిస్టర్బెన్స్‌కు తెలుగు వెతికాను. అది నా వృత్తి, ఏ కష్టం వచ్చినా మాటల్లోకి పోతాను. అలజడి. ఆటంకం. భంగం. కలత. ఏదీ కుదరలేదు. తోట అన్న మాట ఒకటి చాలదా, ఇంకోటి వెతుకుతున్నానా అనిపించి ఆపేశాను. చిన్నప్పుడు నా ఒక్కదాని కోసం వంచుకున్న మాట అది. దాన్ని నా బిడ్డ చేతికి ఇచ్చాను. దాని కింద వాళ్ల నాన్నను దాచిపెట్టుకోవలసి వచ్చింది ఆ పిల్లకు.

"రేపు నేను గూడ యూనివర్సిటీకొస్తా," అన్నాను రూపతో.

"వద్దమ్మా. నేను చెప్పుకుంట."

"నువ్వు చెప్పేది నువ్వు చెప్పు. నేను చెప్పేది నాకుంది."

లక్ష్మీకాంతమ్మ మేడమ్ గదిలో ఎండిన కొమ్మలు అంటించిన అట్టలు బల్ల నిండా ఉన్నాయి. కూర్చోమన్నారు. రూప నిలబడే ఉంది. నేనే మొదలుపెట్టాను.

"ఆ తోట సమాధుల తోట, మేడమ్. మా తమ్ముడు అక్కడ గుంతలు తవ్వుతాడు. మా నాన్న కూడా అదే పని చేశాడు. శ్మశానం అని రాయొద్దని అమ్మాయికి చెప్పింది నేను."

ఆమె నా వైపు, రూప వైపు చూశారు. తర్వాతిది రూప చెప్పింది. గీత ఎక్కడి నుంచి తనదో, ఎక్కడి దాకా గడిదో. వాళ్ల నాన్న మాట వచ్చిన చోట ఆగి, నీళ్లు తాగి, మిగతాది పూర్తి చేసింది.

మేడమ్ ఆ అట్టల్లో ఒకదాని అంచు సవరించారు. "మీ నాన్నగారి సంగతి నాకు చెబితే పది రోజులు సెలవిచ్చేదాన్ని," అన్నారు. "పది అంకెలు నమ్మి ఇంకో పది మంది పని చేస్తారు రూపా. నువ్వు కల్పించినవి నాలుగే కావచ్చు. ఇప్పుడు అన్నిటినీ అనుమానించాలి." తర్వాత నా వైపు తిరిగారు. "మీరు టీచర్ కదా?"

"అవును మేడమ్," అన్నాను. ఆ రెండు మాటలు పలకడం అంత కష్టమని ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ అనుకోలేదు.

సెమినార్ మార్కులు తీసేశారు. కాన్ఫరెన్స్ లేదు. హానీ పని ఆగకుండా, పోల్చి చూడటానికి వేరే జాగా చూపిస్తామన్నారు. రూప ఆ కల్పించిన అంకెలన్నీ కొట్టేసి, కారణం రాసి, ఇంకో వానకాలం పని చేసి ఇవ్వాలి. డిగ్రీ ఏడాది వెనక్కి పోయింది.

మేము లేచాక ఆమె అడిగారు. "ఇప్పుడు ఆ నాలుగో గడిలో ఏముంది?"

"చూడలేదు మేడమ్," అంది రూప.

"తప్పుగా అనుకోకండి. లోపలి మట్టి పైకి వస్తే అందులో ఎప్పటివో విత్తనాలుంటాయి. ఏం మొలుస్తుందో చూడాలి. చూడగలిగితేనే. జనవరి దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

*

మహేశ్వరి మేడమ్‌కు మధ్యాహ్నం డబ్బాలు తెరిచే ముందు చెప్పాను. తోట అంటే ఏమిటో, నేనెక్కడ పుట్టానో. ఆమె చేతిలో చెంచా అలాగే ఉంది. అడగాలా వద్దా అని ఆమె తటపటాయించడం నాకు కనిపించింది.

"మేడమ్, ఆ గునుగు..."

"బజారులో కొన్నదేనండీ. శాలిబండలో. మీ బతుకమ్మకు ఏ దోషం లేదు."

ఆమె ఊపిరి వదిలింది. చెంచా డబ్బా మీద పెట్టింది. తర్వాత మెల్లగా, కోపం లేకుండా అంది.

"అయితె అది గూడ అబద్ధమేనా మేడమ్?"

ఆ రోజు తర్వాత కూడా ఆమె నా పక్కనే కూర్చుని తింటోంది. కూర వేస్తుంది, నేను వేస్తే తీసుకుంటుంది. పిల్లలను తోటకు తీసుకెళ్దామన్న మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

నవంబర్ రెండో తారీఖు మాకు సమాధుల పండుగ. దానికి ముందు వారం తోటలో ఎవరి మనుషుల సమాధి వాళ్లు శుభ్రం చేసుకుంటారు. గడ్డి పీకి, మట్టి సాపు చేసి, సున్నం వేసి, పండుగనాడు పూలు పరిచి కొవ్వొత్తులు పెడతారు. ఎవరి సమాధి ఎంత తెల్లగా ఉందో అందరూ చూస్తారు. మొదటి పండుగ అయితే మరీ చూస్తారు.

మా అత్తమ్మ లీలమ్మ ముందుగానే సున్నం తెప్పించి పెట్టింది.

"ఈ ఏడు వేయొద్దు అత్తమ్మా," అన్నాను.

"ఏమంటున్నవ్?"

చెప్పాను. ఆమెకు సగమే అర్థమైంది, ఆ సగం చాలు.

"నా కొడుకు మీద గడ్డి మొలిస్తె సదువుకుంటరా మీరు?"

"ఈ ఒక్క ఏడాది."

"లోకం ఏమంటదె? పెండ్లం ఉండి, బిడ్డ ఉండి, బామ్మర్ది ఆ తోటలనే ఉండి, గడ్డి పీకెటోడు దొరకలేదా అనరా?"

"అంటరు అత్తమ్మా."

సున్నం బకెట్టు మీద మూత పెట్టి ఆమె లోపలికి పోయింది. ఆ వారమంతా నాతో మాట్లాడలేదు.

పండుగనాడు తోటంతా తెల్లబడింది. బంతిపూలు, అగరువత్తులు, కొత్త బట్టలు. ప్రేమ్‌రాజ్ ఒక్కడే మట్టి రంగులో ఉన్నాడు. మట్టి దిబ్బ మీద గునుగు మొలకలు, తుమ్మి, నేను పేరు చెప్పలేని ఏవో సన్నని ఆకులు. దిబ్బ చుట్టూ మళ్లీ అవే నాలుగు మేకులు, కొత్త పురికొస. వంకర మేకు తల వైపున ఉంది. కొవ్వొత్తులు పురికొస లోపల పెట్టకూడదని రూప అంటే బయట వరసగా పెట్టాం. అత్తమ్మ అటు వీపు చేసి కూర్చుని కళ్లు మూసుకుంది. వెస్లీ సున్నం మరకల చేతులతో దూరంగా నిలబడ్డాడు. అందరి సమాధులకూ సున్నం వేసినవాడు అతనే.

వచ్చిపోయేవాళ్లు మా దగ్గర నడక తగ్గించారు. కొందరు ఆగారు. పాస్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "సున్నానికి మనిషి దొరకలేదా రాహేలమ్మా?" అంది.

"దొరికాడమ్మా. మా తమ్ముడే," అన్నాను. మా తమ్ముడు అని ఆ గేటు లోపల నలుగురిలో నేనన్నది అదే మొదటిసారి. అతను తల పక్కకు తిప్పుకున్నాడు.

రూప మోకాళ్ల మీద కూర్చుంది. అట్టకు తగిలించిన కాగితం నా చేతికిచ్చింది. "అమ్మా, నేను చెప్త. నువ్వు రాస్తవా?"

కాగితం మీద ముందున్న గడిలో కారణం అని ఉంది. అక్కడ కలం ఆగింది.

"తవ్విండ్రు అని రాయి," అంది రూప, తల ఎత్తకుండా. "ఎందుకు అని గూడ ఉంది చూడు."

తవ్వారు అని రాశాను. ఎందుకు అన్నచోట సమాధి అని రాశాను. నల్లబల్ల మీద రాసినట్టు, దూరం నుంచి కూడా చదవగలిగేలా.

"పిప్పింటి, రెండు," అంది రూప.

రాశాను. అప్పుడే వెనక నుంచి ఎవరో పెద్దావిడ, మా సంఘం ఆమె కాదు, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్తూ ఆగి, మా దిబ్బను చూసి నాలుక చప్పరించింది.

"పాపం, ఎవ్వరు లేనోళ్లది గావచ్చు."

ముఖం మండింది. చెవుల దాకా ఆ వేడి పాకడం తెలిసింది. రూప వేలు ఒక మొలక దగ్గర ఆగిపోయింది. నేను ఏమంటానా అని నా బిడ్డ చూస్తోంది.

"ఉన్నామమ్మా," అన్నాను. "మాదే."

పెద్దావిడ నన్ను, నా చేతిలోని కాగితాన్ని, సున్నం లేని మట్టిని మార్చి మార్చి చూసి, ఏమీ అర్థంకాక వెళ్లిపోయింది. అత్తమ్మ కళ్లు తెరవలేదు. పురికొస పక్కన ఒక కొవ్వొత్తి ఆరిపోతే మాత్రం, చెయ్యి చాపి తడుముకుంటూ మళ్లీ వెలిగించింది.

"చెప్పు," అన్నాను రూపతో.

"గునుగు," అంది రూప. వంగి, మట్టికి ముఖం దగ్గరగా పెట్టి, మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను కలం పట్టుకుని ఆగాను.